రెండో బుగ్గ

మార్చి 4, సోమవారం

ఒక బుగ్గ గీయించుకుని, రెండో బుగ్గ మీద నురగ అలాగే ఉండగా నా కుర్చీలోంచి లేచిపోయాడు మా తమ్ముడు. ఆరేళ్ళయింది. నా భుజం మీది తువ్వాలు లాక్కుని, ఆ నురగ తుడుచుకుంటూ రోడ్డు దాటి, ఎదుటి షాపులో కూర్చుని రెండో బుగ్గ గీయించుకున్నాడు. అద్దంలోంచి అంతా చూశాను. ఎదుటి షాపువాడు కూడా నన్ను చూశాడు. చూసి తల దించుకున్నాడు. నాతో పోటీకి షాపు పెట్టినవాడికే నా మీద జాలి కలిగింది.

మా పనిలో ఇంతకు మించిన అవమానం లేదు. గడ్డం నున్నగా రాలేదని తిట్టొచ్చు. మళ్ళీ రాకుండా మానెయ్యొచ్చు. సగంలో మాత్రం ఎవడూ లేవడు. తాగినవాడు కూడా లేవడు.

పైగా మా ఇద్దరిదీ ఒకే షాపు. గోడకి ఒకటే అద్దం, దాని ముందు రెండు కుర్చీలు. వచ్చేవాళ్ళు నన్ను పెద్దకుర్చీ అనీ వాణ్ణి చిన్నకుర్చీ అనీ పిలుస్తారు. వారానికొకసారి వాడి గడ్డం నేనూ, నా గడ్డం వాడూ గీయడం మా నాన్న పెట్టిన పద్ధతి. అవతలివాడి కత్తి కింద మనం కూర్చుంటేనే మన కత్తి కింద కూర్చున్నవాడి బాధ తెలుస్తుందనేవాడు.

మర్నాడు పొద్దున, పెద్దవాణ్ణి కదా, పోనీలే అనుకుని, వాడు గుమ్మంలోకి రాగానే నేనే ముందు నవ్వాను. వాడు మొహం తిప్పుకుని చీపురు తీసుకున్నాడు. అంతే. ఆ రోజు నుంచి మాటల్లేవు. నేను మొదలెట్టను. తప్పు నాది కాదు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, రాయమన్నారు కాబట్టి. ఆస్పత్రిలో చేతులకి కసరత్తు నేర్పే అమ్మాయి రోజూ కొంచెం పెద్ద పెద్ద అక్షరాలతో రాయమంది. నాకొచ్చిన వణుకుడు జబ్బులో రానురాను అక్షరాలు చిన్నవైపోతాయట. నేను చదివిందే మూడో తరగతి. "ఏం రాయనమ్మా?" అన్నాను.

"మనసులో ఏది ఎక్కువ తిరుగుతుంటే అది రాయండి తాతగారూ. నేను చదవను. అక్షరం ఎంత ఉందో చూస్తానంతే."

నా మనసులో తిరిగేది ఇదే. అందుకని ముందు ఇదే రాశాను.

మార్చి 5, మంగళవారం

నా జబ్బుకి డాక్టరు ఏదో పొడుగాటి పేరు చెప్పాడు. నాకు నోరు తిరగలేదు. తిప్పాలని కూడా లేదు. కుడిచెయ్యి ఊరికే ఒళ్ళో పెట్టుకుంటే వణుకుతుంది. పనిలో పెడితే ఆగుతుంది. అంటే ఏమిటి? పని చేస్తున్నంతసేపూ నాకు జబ్బు లేనట్టే కదా. ఇదే మాట డాక్టరుతో అన్నాను.

"ఎన్నాళ్ళబట్టి ఉంది?" అన్నాడు.

"మొన్నమొన్ననే" అన్నాను.

"పని మానకండి, కదులుతూ ఉండండి, నలుగురితో మాట్లాడుతూ ఉండండి. ఒంటికి అదే మందు. కత్తి మాత్రం పట్టొద్దు" అన్నాడు.

వాడి గడ్డం చూస్తే ఎవరో మొద్దు చేత్తో గీసినట్టుంది. చెవి కింద నాలుగు వెంట్రుకలు వదిలేశారు. నాకు సలహా చెబుతాడు.

కత్తి పట్టకుండా షాపులో నేనెవర్ని?

మార్చి 6, బుధవారం

చెయ్యి బాగుంది.

మార్చి 8, శుక్రవారం

మా తమ్ముడి దొంగతనం గురించి రాయాలి.

గడ్డం చేయించుకునేవాడు గుమ్మంలో కాలు పెట్టీపెట్టగానే, "రండి రండి, ఇటు ఖాళీ" అంటూ వాడు దుప్పటి దులుపుతాడు. జుట్టుకి వచ్చినవాళ్ళని, ఏడ్చే పిల్లల్ని నా వైపు తోస్తాడు. ఇది ఈమధ్య మొదలైంది కాదు. మొదట్లో గమనించలేదు. ఇప్పుడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నా కత్తి మడత విప్పని రోజులుంటున్నాయి. గడ్డమే అసలు పని. జుట్టు మిషనుతో ఎవడైనా లాగేస్తాడు.

మాటల్లేవు గనక అడగలేను. మా ఇద్దరి మధ్య ఏ మాట నడవాలన్నా కుర్చీలో కూర్చున్నవాడి మీదుగా నడవాల్సిందే. ఈరోజు నా కుర్చీలో మందుల షాపాయన ఉన్నాడు.

"సన్న దువ్వెన ఎవరి దగ్గరుందో ఇమ్మనండి" అన్నాను.

"మీ సొరుగులోనే ఉందని చెప్పండి" అన్నాడు వాడు.

"నా సొరుగు సంగతి వాడికెలా తెలుసో అడగండి."

జుట్టుకి వచ్చిన మందుల షాపాయన తల తిప్పకుండానే, "బాబూ, మీ ఇద్దరూ కలిసి నన్ను కోర్టు చేశారు. ముందు నా మీసం సంగతి తేల్చండి" అన్నాడు. షాపంతా నవ్వారు. నేనూ నవ్వాను.

గడ్డానికి పోస్టుమాస్టరుగారు ఒక్కరే నాకు మిగిలారు. రిటైరై ఎన్నాళ్ళో అయింది. మా తమ్ముడు దుప్పటి దులిపినా కదలరు. "నాకు పెద్దకుర్చీయే కావాలి, ఉంటాను" అని పేపరు పట్టుకుని బల్ల మీద కూర్చుంటారు. ఆ మాట వాడికి వినపడేలా ఇంకోసారి అనిపించాలని, "ఏమన్నారు సార్?" అంటాను.

మార్చి 9, శనివారం

ఆస్పత్రి. కసరత్తు అమ్మాయి నా రాత మీద స్కేలు పెట్టి చూసింది. పై వరస బాగుందట. కిందికి వచ్చేకొద్దీ అక్షరాలు తగ్గిపోతున్నాయట.

తర్వాత ఒక చిన్న అద్దం ఇచ్చింది. "నవ్వండి తాతగారూ."

నవ్వాను.

"నవ్వండి."

"నవ్వుతున్నాను కదమ్మా."

ఆ పిల్ల నా బుగ్గలకి రెండు వైపులా వేళ్ళు ఆనించి పైకెత్తింది. "ఇదీ నవ్వంటే. ఈ జబ్బులో మొహం కూడా బిగుసుకుపోతుంది. లోపల నవ్వుతున్నా బయటికి రాదు. చాలామంది మీకు కోపం వచ్చిందనుకుంటారు" అంది.

అద్దంలో చూస్తే ఒక ముసలాడు నన్ను తినేసేలా చూస్తున్నాడు. ఇన్నేళ్ళు అద్దం ముందే నిలబడ్డాను. అందులో అవతలివాడి మొహమే చూశాను గానీ నా మొహం ఎప్పుడు చూశాను?

మార్చి 11, సోమవారం

షాపు సెలవు. మా ఆవిడ నా చొక్కా బొత్తాలు పెట్టింది. నేను పెట్టుకోగలను. ఆలస్యమవుతుందని ఊరుకున్నాను.

"నా మొహం ఎప్పుడూ కోపంగా ఉంటుందటనే?" అన్నాను.

"పెళ్ళైన కొత్తలోనే ఇలా ఉంటే మూడో రోజే మా ఇంటికి వెళ్ళిపోయేదాన్ని. ఇప్పుడంటే అలవాటైంది. నీ నవ్వు ఎక్కడ దాక్కుంటుందో నాకు తెలుసు."

"ఎక్కడ?"

"చెప్పను. చెబితే అక్కడ కూడా దాచేస్తావు."

మెడ దగ్గర బొత్తం పెడుతూ, "ఆ కత్తి దించెయ్యరాదూ" అంది. కింది బొత్తాలు నేనే పెట్టుకున్నాను. భోజనానికి పిలిచేదాకా పట్టింది.

మార్చి 13, బుధవారం

పోస్టుమాస్టరుగారు కదిలారు. దవడ కింద చిన్న గీత పడింది. పటిక రాశాను. రక్తం ఆగింది. ఆయన కదిలారు. వయసు పైబడితే ఎవరైనా కాస్త కదులుతారు.

మార్చి 14, గురువారం

ఆయన కదిలారు. నాకు బాగా జ్ఞాపకం. కత్తి ఆనించినప్పుడు మింగారు. గడ్డం చేసేటప్పుడు మింగకూడదని ఇన్నేళ్ళైనా తెలియదా?

చెయ్యి బాగుంది.

మార్చి 16, శనివారం

ఆస్పత్రికి వెళ్ళలేదు. పోస్టుమాస్టరుగారు వస్తారని షాపులోనే ఉన్నాను.

వచ్చారు. దవడ కింద చిన్న పట్టీ ఉంది. నా కుర్చీ ఖాళీ. నేను దుప్పటి దులిపాను. ఆయన నా దగ్గరికి వచ్చి, నా చెయ్యి పట్టుకుని, "బాగున్నావా?" అన్నారు. "బాగున్నాను సార్, రండి" అన్నాను. "ఈరోజు కాస్త తొందరగా వెళ్ళాలి" అని, మా తమ్ముడి వైపు వెళ్ళి బల్ల మీద కూర్చున్నారు. వాడి కుర్చీలో ఇంకొకరున్నారు. ఆ తర్వాత ఇంకొకరున్నారు. తొందరగా వెళ్ళాల్సినాయన ఇద్దరి గడ్డాలయ్యేదాకా కూర్చున్నారు.

నేను దుప్పటి మడిచాను. మళ్ళీ విప్పి మడిచాను.

మా తమ్ముడు ఆయన గడ్డం గీస్తున్నంతసేపూ అద్దంలో నా వైపు చూడలేదు.

మార్చి 18, సోమవారం

ఈరోజుది రాయాలో వద్దో తెలియడం లేదు. రాస్తాను. ఎవరూ చదవరు కదా.

సెలవు కదా అని పొద్దున్నే షాపుకి వెళ్ళాను. జేబులో రబ్బరు బుడగలు. మా నాన్న మాకు కత్తి పట్టడం బుడగ మీదే నేర్పాడు. బుడగ ఊది, నురగ పట్టించి, కత్తితో ఆ నురగంతా తీసెయ్యాలి. బుడగ పేలితే చెయ్యి ఇంకా కుదరలేదన్నమాట. నెలలకొద్దీ అదే పని. నేను పేల్చినవి తక్కువ. మా తమ్ముడు ఎక్కువ పేల్చాడు.

తలుపు సగం మూసి, ఒక బుడగ ఊది, కుర్చీ తలగడకి కట్టి, నురగ పట్టించాను. కత్తిని తోలు పట్టీ మీద సానబెట్టాను. ఆనించాను. పేలింది.

పాత బుడగ. దుకాణంలో ఎన్నాళ్ళనుంచి ఉందో.

రెండోది. గాలి ఎక్కువ పట్టించాను.

మూడోదానికి గాలి తగ్గించాను. కొంచెం దూరం నడిచింది కత్తి. చక్కగా నడిచింది. అదిగో అనుకున్నాను. పేలింది. రబ్బరు ముక్క ఎగిరి నురగతో సహా అద్దానికి అంటుకుంది. ఈ కాలం బుడగలు మరీ పలచన.

వెనక్కి తిరిగితే గుమ్మంలో మా తమ్ముడు. చేతిలో నూనె డబ్బా. సెలవు రోజున కుర్చీలకి నూనె వేయడానికి వస్తాడట. ఇన్నాళ్ళూ నా కుర్చీ కిర్రుమనకపోవడం నా గొప్పే అనుకున్నాను.

వాడు నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది, తిట్టేవాణ్ణి. డబ్బా కింద పెట్టి, తలగడకి వేలాడుతున్న దారం విప్పి, నా కుర్చీలో కూర్చున్నాడు. దుప్పటి తనే మెడకి కట్టుకున్నాడు.

"గియ్యి అన్నయ్యా."

ఆరేళ్ళకి, మధ్యలో ఎవరూ లేకుండా, నాతో వాడన్న మొదటి మాట.

"ఎదుటి షాపు తెరవలేదా?" అన్నాను.

"సోమవారం కదా. వాడికీ సెలవే."

నురగ పెట్టాను. రెండు బుగ్గలకీ పెట్టాను. వాడి దవడ నాన్న దవడలా ఐపోయింది. ఎప్పుడైందో చూడలేదు. ఎడమచేత్తో చర్మం సాగదీసి, కత్తి దవడ దగ్గరికి తెచ్చాను. గాల్లో ఉన్నంతసేపూ చెయ్యి బాగానే ఉంది. దవడ కింద కత్తి ఆనించే ముందు వాడు కళ్ళు మూసుకున్నాడు. మింగలేదు. కదల్లేదు. ఊపిరి కూడా తీసుకోలేదు.

కత్తి అంచు వెలుగులో గిలగిలా కొట్టుకుంటోంది. అద్దంలో చూశాను. వాడు కళ్ళు తెరిచాడు. వాడూ అద్దంలో చూశాడు.

కత్తి మడిచేశాను.

"ఆ రోజూ ఇంతేనా?" అన్నాను.

"ఇంత లేదు. కొంచెం. దవడ కింద కాస్త ఆగావు చూడు, అప్పుడు. గొంతు మీద పిట్ట పిల్ల వాలినట్టు వణికింది."

"నోరు ఎక్కడ పెట్టుకున్నావురా?"

"భయపడ్డాను. లేచిపోయాను. ఏమని చెప్పను? చెయ్యి నీది, నీకు తెలియకుండా ఉంటుందా అనుకున్నాను."

"ఎదుటి షాపుకి ఎందుకు పోయావు?"

"సగం గడ్డంతో ఇంటికి పొమ్మంటావా?"

వాడి మొహం మీద నురగ ఆరిపోతోంది.

"మర్నాడు నీతో చెబుదామనే వచ్చాను అన్నయ్యా. గుమ్మంలోకి రాగానే నీ మొహం చూశాను. నన్ను నరికేసేలా ఉన్నావు. సరే, ఈయనకి తెలుసు, నేను కనిపెట్టేశానని కోపం పెట్టుకున్నాడు అనుకున్నాను. ఆ మొహంతో ఎవడు మాట్లాడతాడు? రోజూ అదే మొహం. ఒక్కసారి, ఒక్కసారి నవ్వి ఉంటే నేనే వచ్చి నీ కాళ్ళు పట్టుకునేవాణ్ణి."

"నవ్వాను" అన్నాను.

"ఎప్పుడు?"

"ఆ పొద్దునే. నువ్వు గుమ్మంలోకి రాగానే. నేనే ముందు నవ్వాను."

వాడు నా వైపు తిరిగి చూశాడు. కసరత్తు అమ్మాయి చెప్పిన సంగతి వాడికి చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే సరిగ్గా వినపడలేదు.

వాడు దుప్పటి అంచు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నురగ తుడుచుకుంటున్నాడనుకున్నాను. ఎంతకీ తియ్యలేదు. పోస్టుమాస్టరుగారి లాంటి ఒకరిద్దరు మొండివాళ్ళని వదిలేసి గడ్డాలన్నీ వాడి వైపు ఎందుకు తిప్పుకున్నాడో అడగలేదు. అడగక్కర్లేదు.

నేను మాత్రం ఏడవలేదు. మొహం కదిలితే కదా.

మార్చి 19, మంగళవారం

షాపుకి వెళ్ళలేదు.

మార్చి 20, బుధవారం

షాపుకి వెళ్ళలేదు. మా ఆవిడ ఎందుకని అడగలేదు. బొత్తాలన్నీ పెట్టింది. ఊరుకున్నాను.

మార్చి 21, గురువారం

సాయంత్రం మా తమ్ముడు ఇంటికి వచ్చాడు. ఆరేళ్ళ తర్వాత ఈ గడప తొక్కడం. మా ఆవిడ టీ ఇచ్చింది. "గడ్డం మాసింది, ఏమయ్యా? మీ అన్నదమ్ములిద్దరికీ కత్తులే కరువయ్యాయా?" అంది. వాడు నవ్వాడు. నేనూ నవ్వాను. మా ఆవిడ నా మొహం చూసి, "అదిగో, మీ అన్నయ్య కూడా నవ్వుతున్నాడు" అని వాడికి చెప్పింది.

టీ అంతా తాగాక అసలు సంగతి చెప్పాడు.

"వచ్చే మంగళవారం నుంచి ఒక పనివాడు వస్తాడు అన్నయ్యా. మంచి చెయ్యి. రెండు చోట్ల చేశాడు. నాకూ వయసొచ్చింది, నేనొక్కణ్ణే లాగలేకపోతున్నాను."

"ఎక్కడ నిలబడతాడు?"

వాడు గ్లాసులోకి చూశాడు. "నీ కుర్చీ దగ్గరే."

"నేనెక్కడ నిలబడాలి?"

"నువ్వెందుకు నిలబడటం? ఇన్నాళ్ళు నిలబడింది చాలదా? ఇంట్లో హాయిగా కాలు మీద కాలేసుకుని కూర్చో. నెలనెలా నీ వాటా నేను తెచ్చిస్తాను."

"నీ వాటా ఎవడడిగాడురా? నేనెక్కడ నిలబడాలని అడిగాను."

మా ఆవిడ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

వాడు లేచాడు. "ఆలోచిద్దాం అన్నయ్యా" అన్నాడు. చెప్పులు వేసుకుంటుంటే వాడి సంచిలో నా కత్తి వేశాను. వాడు చూడలేదు. నాన్న నాకిచ్చిన కత్తి. పెద్దవాడికని నాకిచ్చాడు.

ఆలోచిద్దాం అంటే ఏమిటో నాకు తెలుసు. నా కుర్చీలో కూర్చుని, నా పని నచ్చనివాళ్ళు కూడా వచ్చేవారం వస్తాననే లేచేవాళ్ళు.

మార్చి 22, శుక్రవారం

ఒరేయ్,

ఇది నీకు చూపిస్తానో లేదో నాకే తెలియదు. నోటితో అడుగుదామంటే గొంతు లేవడం లేదు. లేచినా నీ ముందు అడిగే మాట కాదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. అక్షరాలు చిన్నవైపోతే కొట్టేసి మళ్ళీ రాస్తున్నాను.

ఇంట్లో కూర్చున్న ఈ మూడు రోజుల్లో నా కాళ్ళు బరువెక్కాయి. ఈరోజు పొద్దున మంచం మీంచి లేవడానికి మా ఆవిడ చెయ్యివ్వాల్సి వచ్చింది. షాపుకి వెళ్ళే రోజుల్లో ఎవరి చెయ్యీ అక్కర్లేకపోయింది. హాయిగా కూర్చోమన్నావు. ఇలా కూర్చుంటే ఎన్నాళ్ళు కూర్చుంటానో నేను చెప్పగలను. నువ్వూ చెప్పగలవు.

కత్తి గురించి అడగడం లేదు. అది నీ సంచిలో ఉంది, చూసుకునే ఉంటావు. కొత్తవాడికి ఇవ్వకు. నువ్వే వాడుకో.

మధ్యాహ్నం గిన్నెలో సబ్బు వేసి బ్రష్ తిప్పి చూశాను. నురగ మీగడలా లేచింది. నా చేతికి అంటించుకుంటే సరిగ్గా తెలియడం లేదని మా ఆవిడని కూర్చోబెట్టి ఆవిడ బుగ్గకి రాశాను. "పిచ్చి ముదిరింది" అని తిడుతూనే కూర్చుంది. ఒక్క చుక్క చెవిలోకి పోలేదు, ఒక్క చుక్క పెదవి మీద పడలేదు. వణుకు బ్రష్‌కి అడ్డం రావడం లేదురా. పైగా ఆ వణుక్కి నురగ ఇంకా తొందరగా లేస్తోంది. "మెత్తగా ఉంది" అంది మీ వదిన. అబద్ధం చెప్పే మనిషి కాదు, నీకు తెలుసు.

సబ్బు పెట్టడం నేర్చుకునేవాళ్ళు చేసే పని. నాన్న దగ్గర చేరిన కొత్తలో మనిద్దరం చేసిన పని. నేను మళ్ళీ అక్కడికే వచ్చాను. నాకు నామోషీ ఏం లేదు. ఉంది. ఉన్నా చేస్తాను.

నాకు కుర్చీ వద్దు. కొత్తవాణ్ణి నా కుర్చీ వెనక నిలబడనీ. నేను రెండు కుర్చీల మధ్య నిలబడతాను. వచ్చినవాళ్ళకి సబ్బు పెడతాను, వేడి తువ్వాలు వేస్తాను. నువ్వు గియ్యి. కొత్తవాడు నన్ను ఒరేయ్ అననంతవరకు వాడి మాట కూడా వింటాను.

అవునో కాదో ఒక్క మాట చెప్పు. ఆలోచిద్దాం అనకు. జాలిపడి అవుననకు, అంతకంటే కాదను, పడతాను. చెప్పేటప్పుడు నా మొహం చూడకు. అది ఏం చెబుతుందో నా చేతిలో లేదు.

మంగళవారం వాడొచ్చాక చెబితే లాభం లేదు. సోమవారం సెలవు. ఆదివారం షాపు కట్టేలోపల నాకు జవాబు కావాలి.